అక్క ఒక్కసారే అడిగింది

మా అక్క రక్తంలో హిమోగ్లోబిన్ నాలుగు పాయింట్ ఆరు ఉందని తెలిసిన పొద్దున ఆమె వంటింట్లో కూర్చుని కందిపప్పులో రాళ్లు ఏరుతోంది. ఏడింటికి రాంగోపాల్‌పేట్‌లోని ల్యాబ్‌లో రక్తం ఇచ్చి వచ్చాం. పదింటికి అక్కడి నుంచి ఫోన్ వచ్చింది. ల్యాబ్ అతను ముందు పేరు సరిచూసుకున్నాడు, తర్వాత వయసు అడిగాడు, ఆ తర్వాత, "పేషెంట్ ఎక్కడున్నరు సార్? పండుకొని ఉన్నరా?" అన్నాడు. పప్పు ఏరుతోందని చెప్పాను. నమ్మలేదు. శాంపిల్ మారిందేమోనని రెండోసారి మెషీన్‌లో పెట్టి చూశాడట. అదే అంకె వచ్చిందట. ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు.

నేను వెళ్లి చెబితే అక్క చేట కింద పెట్టలేదు. గుడ్ ఫ్రైడే దాటాక వెళ్దామంది. ముందు రోజే మట్టల ఆదివారం అయింది. ఈస్టర్ ముందు శ్రమదినాల నలభై రోజుల ఉపవాసంలో ఇంక వారం కూడా మిగల్లేదు. ఇంతదాకా వచ్చి ఇప్పుడు వదిలేస్తే ఎట్లా అని ఆమె బాధ. ఆదివారం చర్చి మెట్ల మీద కమ్మీ పట్టుకుని మధ్యలో కూర్చుండిపోయింది కాబట్టే పొద్దున్నే పరీక్షకు ఒప్పుకుంది. లేకపోతే అదీ లేదు.

అక్కకు డెబ్బై ఒకటి. నాకు అరవై ఆరు. బోయిగూడలో మా నాన్న రైల్వేలో ఉండగా కొన్న రెండు గదుల ఇంట్లో మేమిద్దరమే ఉంటాం. ఆయన గుంటూరు వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. అక్క మిషన్ స్కూల్లో పిల్లలకు లెక్కలు చెప్పింది, పెళ్లి చేసుకోలేదు. నా భార్య పోయాక నేను మళ్లీ ఈ ఇంటికి వచ్చాను. ముప్పై ఏళ్లకు పైగా ఒక తెలుగు దినపత్రికలో వార్తలు దిద్దే డెస్కు మీద పనిచేశాను. అందులో చాలా ఏళ్లు మంగళవారం ఆరోగ్యం పేజీ నాదే. ఈ కథలో నా తప్పంతా ఆ పేజీ దగ్గరే మొదలవుతుంది.

చలికాలంలో అక్క ఆయాసపడుతోందని పరీక్ష చేయిస్తే తొమ్మిది వచ్చింది. వీధి చివర డాక్టరు ఐరన్ బిళ్లలు రాసి, నెల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుని రమ్మన్నాడు. నాకు కొంచెం ఉత్సాహం వచ్చిందని ఒప్పుకోవాలి. రక్తహీనత గురించి ఎన్ని వ్యాసాలు దిద్దానో లెక్కలేదు. మునగాకు తెచ్చాను, ఖర్జూరం తెచ్చాను, పల్లీలు బెల్లం కలిపి ఉండలు చేశాను. బిళ్లను టీతో వేసుకుంటే ఒంటికి పట్టదని, నిమ్మరసంతో వేసుకుంటే బాగా పడుతుందని, బిళ్లకూ టీకీ మధ్య గంటైనా ఎడం ఉండాలని చెప్పాను. అన్నీ నిజాలే. అక్క నా వెనకాల పక్కింటావిడతో, "వీడు నాకు అన్నం పెట్టట్లేదమ్మా, వాళ్ల పేపర్ తినిపిస్తున్నాడు," అని చెప్పుకుంది.

నెల తర్వాత చేయించాల్సిన పరీక్ష చేయించలేదు. ముఖం తేటపడిందని నేననుకున్నాను. ఆకు కూరలు తింటోంది కదా అనుకున్నాను.

జనవరి చివర్లో ఒక పొద్దున అక్క గ్యాస్ పొయ్యి వైపు తిరిగి నిలబడి, నా ముఖం చూడకుండా, విరేచనం నల్లగా అవుతోందని చెప్పింది. ఈ వయసులో ఒక అక్క తమ్ముడికి అలాంటి మాట చెప్పాలంటే ఎంత సిగ్గు దిగమింగాలో నాకు ఆ క్షణంలో తట్టలేదు. నేను పేపర్ చదువుకుంటున్నాను. తల ఎత్తకుండానే జవాబు చెప్పాను. ఐరన్ బిళ్లలు వేసుకుంటే అట్లాగే నల్లగా అవుతుంది, కంగారు పడకు అన్నాను. అక్క మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

అది కూడా నిజమే. ఐరన్ బిళ్లలతో నల్లబడుతుంది. మా పేజీకి రాసే పెద్ద డాక్టరు ఆ వాక్యం చాలాసార్లు రాశారు. ఆ వాక్యం తర్వాత ఆయన ఇంకో పేరా రాసేవారు. నలుపు తారులా జిగటగా ఉన్నా, దుర్వాసన వస్తున్నా, బిళ్లలు వాడుతున్నా రక్తం పెరగకపోయినా అది బిళ్లల వల్లే అనుకోకూడదని, లోపల ఎక్కడో రక్తం కారుతోందేమో చూడాలని, పెద్దవయసులో రక్తం తగ్గితే ముందు వెతకాల్సింది తిండిలో లోటు కాదని, రక్తం ఎటు పోతోందన్నదేనని ఆ పేరాలో ఉండేది.

వార్తను కింద నుంచి కోయడం డెస్కు మీద మొదటి రోజే నేర్పుతారు. ముఖ్యమైనది పైన ఉంటుంది. చోటు చాలకపోతే చివరి పేరా పోతుంది. డాక్టర్లకు ఆ పద్ధతి తెలియదు. వాళ్లు అసలు జాగ్రత్తను చివర రాస్తారు, రోగి లేచి వెళ్తుంటే గుమ్మం దగ్గర వెనక్కి పిలిచి చెప్పినట్టు. మంగళవారాలు మా పేజీకి కింద ఒక పళ్లపొడి ప్రకటన వచ్చేది. అది వచ్చిన ప్రతిసారీ ఆ పేరా నా చేతుల్లో పోయింది. ఒకసారి ఆ డాక్టరు ఫోన్ చేసి, చివరి పేరా రాలేదేమండీ అని మెల్లిగా అడిగారు. చోటు లేదు డాక్టర్ గారూ అన్నాను. ఆయన సరేనన్నారు. అన్నిసార్లు చదివి, అన్నిసార్లు తీసేసిన పేరా నా తలలోనూ మిగల్లేదు. పైన అచ్చయిందే మిగిలింది.

ఫిబ్రవరిలో శ్రమదినాలు మొదలయ్యాయి. అక్క ఉపవాసమంటే సాయంత్రం దాకా ఏమీ తినదు, పొద్దున మటుకు పాలు లేని టీ. చిన్నప్పటి నుంచీ అంతే. కానీ ఈ ఏడు మోకాళ్లు సహకరించడం లేదు. ప్రార్థనకు మోకాళ్లూనకపోతే ఆమెకు ప్రార్థన చేసినట్టే ఉండదు. అందుకని చలికాలం నుంచీ అప్పుడప్పుడూ వేసుకుంటున్న నొప్పి బిళ్లను ఇప్పుడు రోజూ తెల్లవారుజామున ఒకటి టీతో మింగి, అరగంట ఆగి, అప్పుడు మోకాళ్లూనేది. మందు తిండి కాదు కాబట్టి ఉపవాసం చెడదని ఆమె లెక్క. ఒక వారం ఒకటి సరిపోయింది, తర్వాత రెండు కావాల్సి వచ్చాయి. ఖాళీ కడుపులో, నెలకు పైగా, రోజూ.

ఆ బిళ్లలు తెచ్చింది నేనే. సాయంత్రం నడకకు రెజిమెంటల్ బజార్ దాకా వెళ్లినప్పుడు మందుల షాపులో స్ట్రిప్ అడిగితే చీటీ లేకుండానే ఇచ్చేవాడు. అవి మోకాళ్లవి, ఐరన్ బిళ్లలు రక్తానివి. రెండూ ఒకే మనిషి కడుపులోకి పోతున్నాయని నేనెప్పుడూ కలిపి ఆలోచించలేదు.

ఆ సోమవారం ఆస్పత్రికి అక్క తన కాళ్ల మీదే వచ్చింది. ఆటో దిగి, చీర సర్దుకుని, నేను పట్టుకోబోతే చేయి విదిలించుకుంది. ఎమర్జెన్సీలో ఉన్న చిన్న వయసు డాక్టరమ్మ రిపోర్టు చూసి, అక్కను చూసి, మళ్లీ రిపోర్టు చూసింది. రక్తం ఒక్కసారిగా పోతే మనిషి కుప్పకూలుతుందని, కొంచెం కొంచెంగా నెలల తరబడి పోతే ఒళ్లు దానికి అలవాటు పడుతుందని, గుండె రెట్టింపు పని చేసి నడిపిస్తుందని, అందుకే ఇంతమంది చివరి దాకా పనులు చేసుకుంటూనే ఉంటారని చెప్పింది. "ఆ గుండె ఎప్పుడు చేతులెత్తేస్తదో మాకు తెల్వదు సార్," అంది.

కింది కనురెప్ప లాగి చూసింది. లోపల తెల్ల కాగితంలా ఉంది. నేను రోజూ ఎదురుగా కూర్చుని అన్నం తిన్న ముఖం అది.

తర్వాత, నల్లగా ఏమన్నా పోతోందా, ఎన్ని రోజుల నుంచి అని అడిగింది. అక్క కిటికీ వైపు చూస్తోంది. నేను జవాబు చెప్పాల్సి వచ్చింది. రెండు నెలల పైన అయిందని, బిళ్లల వల్లేనని నేనే చెప్పానని అన్నాను. నొప్పి బిళ్లల సంగతి కూడా చెప్పాను. డాక్టరమ్మ అన్నీ రాసుకుంది. ఆమె తిట్టి ఉంటే నాకు కొంచెం సులువయ్యేది.

నోట్లోంచి గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు ఉంది, దాని అడుగున ఒక రక్తనాళం నుంచి రక్తం కారుతోంది. ఇంజెక్షన్ చేసి ఆపారు. ఆగిందో లేదో ఒకటి రెండు రోజులు చూడాలన్నారు. ఈలోపు రక్తం ఎక్కించాలి, అదీ గుండె తట్టుకునేంత నెమ్మదిగా. ఉన్నదాంట్లో ఒక సీసా ఇచ్చారు. కనీసం ఇంకో మూడు కావాలి. ఎండాకాలం, కాలేజీలకు పరీక్షలు, రక్తదాన శిబిరాలు లేవు. బ్లడ్ బ్యాంకు అలమరలో అక్క గ్రూపు ఖాళీ. దాతల్ని తెచ్చుకోండి, ఏ గ్రూపైనా సరే, వాళ్లిచ్చినదానికి బదులు ఇంకోచోటి నుంచి తెప్పిస్తాం అన్నారు.

నా చేయి చాపాను. వయసు అడిగారు. అరవై ఐదు దాటిందని పక్కకు పంపారు. పత్రికలో నా తోటివాళ్లకు వరసగా ఫోన్లు చేశాను. ఒకరికి గుండెలో స్టెంట్లు, ఒకరికి రోజూ ఇన్సులిన్, ఒకరు నాకంటే పెద్ద. ముప్పై ఏళ్ల స్నేహాలన్నీ ఒకే గంటలో ముసలివైపోయాయి. చివరికి మా గుడి స్త్రీల సమాజంలో ఒకావిడకు చెప్పాను. ఆమె ఇళ్లలో పని చేస్తుంది, ఆదివారాలు అక్క పక్కనే కూర్చుంటుంది. మంగళవారం పదింటికల్లా ఆరుగురు ఆడవాళ్లు వచ్చారు. పనులు మానుకుని, కొంగులు బిగించుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు.

బ్లడ్ బ్యాంకులో ఒక నడివయసు టెక్నీషియన్ బల్ల మీద గాజు గ్లాసులో నీలం రంగు మైలుతుత్తం నీళ్లు పెట్టుకుని కూర్చుంది. వేలు గుచ్చి, ఒక రక్తపు చుక్క అందులో వేస్తుంది. తగినంత సత్తువ ఉన్న రక్తమైతే బరువుగా అడుగుకు దిగిపోతుంది. లేకపోతే పైనే ఆగుతుంది, లేదా కొంచెం దిగి మళ్లీ పైకి వస్తుంది.

మొదటావిడ చుక్క పైనే ఆగింది. రెండో చుక్క సగం దాకా దిగి తిరిగొచ్చింది. మూడోదీ అంతే. నాలుగో ఆవిడ బాగా ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి, మిగతావాళ్లను వెనక్కి జరిపి, మీరంతా ఉపవాసాలుండి ఎండిపోయిండ్రు, జరగుండ్రి అంటూ చేయి పెట్టింది. ఆమెదీ తేలింది. ఆమెకు కోపం వచ్చింది.

"గీ నీళ్లే ఖరాబైనయ్ చెల్లె. ఇంకో గిలాస తియ్యి."

టెక్నీషియన్ కొత్త నీళ్లు పోసి మళ్లీ వేసింది. మళ్లీ తేలింది.

"నీళ్లు మంచిగనే ఉన్నయక్కా. మీ ఒంట్లనే లేదు," అంది.

"నాకేం రోగం? పొద్దుగాల నాలుగిండ్ల గిన్నెలు తోమి వచ్చిన."

"గామె సుత పప్పు ఏరుకుంట ఉండె," అని వెనక నుంచి ఎవరో అన్నారు. 

ఐదో చుక్కా తేలింది. ఆరో ఆవిడ అందరికంటే సన్నగా ఉంటుంది, నేను ఫోన్ చేసింది ఆమెకే. ఆమె చుక్క నేరుగా అడుగుకు దిగిపోయింది. మిగతా ఐదుగురూ ఆమె వీపు తట్టారు, ఒకావిడ స్తోత్రం అంది.  తర్వాత ఆమెను బరువు తూచే మెషీన్ ఎక్కించారు. నలభై మూడు కిలోలు. నలభై ఐదు ఉండాలి. చెప్పులు వేసుకుని ఎక్కుతానంది. కుదరదన్నారు. రెండు కిలోలే కదా, జెర రాసుకోరాదు అని బతిమాలింది. టెక్నీషియన్ ఆమె చేయి పట్టుకుని కిందికి దింపింది. ఆరుగురికీ డాక్టరును కలవమని చీటీలు రాసిచ్చింది.

రక్తహీనత మీద ఏళ్ల తరబడి పేజీలు నింపినవాణ్ని. ఆ ఆరుగురూ ప్రతి ఆదివారం నా ముందు వరసలోనే కూర్చుంటారు.

వాళ్లు బ్లడ్ బ్యాంకు బయట బెంచీ మీద కూర్చుని ఫోన్లు అందుకున్నారు. నేను పైకి వెళ్లేసరికి అక్క మంచం చుట్టూ నర్సులున్నారు. రక్తం కక్కుకుంది. ముఖం బూడిద రంగులో ఉంది, నుదురు చల్లగా తడిగా ఉంది. పుండు మళ్లీ తెరుచుకుంది. పొద్దున ఒక సీసాతో ఐదు పాయింట్ ఐదుకు వచ్చిన అంకె మధ్యాహ్నానికి ఐదుకు దిగింది. మళ్లీ గొట్టం వేసి నాళానికి క్లిప్పు పెట్టాలి, అది కుదరకపోతే ఆపరేషన్, దేనికైనా చేతిలో రక్తం ఉంటేనే మొదలుపెడతాం అని డాక్టరమ్మ చెప్పింది. సంతకాలు పెట్టించుకుంది. ఎంతసేపు ఆగగలమని అడిగాను. ఆమె మానిటర్ వైపు చూసింది. 

ఆ మధ్యాహ్నం గురించి నాకు అన్నీ గుర్తున్నాయి. గంటకోసారి కిందికి దిగి బ్లడ్ బ్యాంకు కిటికీలో తల పెట్టి అడిగేవాణ్ని. వాళ్లు తల అడ్డంగా ఊపేవాళ్లు. మళ్లీ పైకి ఎక్కేవాణ్ని. బెంచీ మీద ఆడవాళ్లు ఎవరి మీదో అరుస్తున్నారు. ఒకావిడ మొగుడు సూది అంటే భయమని రానన్నాడు. ఇంకొకావిడ కొడుకు ఊళ్లో లేడు. రెండు కిలోలు తక్కువైన ఆవిడ మటుకు ఫోన్లో అల్లుడితో నెమ్మదిగా మాట్లాడుతోంది.

మూడున్నరకు అక్క కళ్లు తెరిచింది. నన్ను గుర్తుపట్టింది. ఇంక సమయం ఉంటుందో ఉండదో అనిపించి చెప్పేశాను. ఆ పేరా గురించి చెప్పాను. ఎన్నిసార్లు తీసేశానో, డాక్టరు అడిగితే ఏమన్నానో చెప్పాను. నువ్వు అడిగిన రోజు నాకు అది గుర్తు రాలేదక్కా అన్నాను. ఆమె ఊపిరి అందక మాట మాటకీ ఆగుతూ అంది.

"పేపర్లో చోటు లేదు, సరే. ఇంట్లో చోటుండె కదరా. పేపర్ పక్కన పెట్టి ఒక్కసారి నా మొహం చూస్తే అయిపోయేది."

నేను మంచం కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. మళ్లీ తనే అంది.

"వాసన కూడా వచ్చేది. బిళ్లల వాసన కాదని నాకూ తెలుసు. తమ్ముడికి రెండోసారి ఎట్లా చెప్పాలిరా?"

నాలుగున్నరకు ఆ అల్లుడు వచ్చాడు. రైల్వేలో పనిచేస్తాడు, డ్యూటీ దిగి ఆ బట్టలతోనే ఇద్దరు తోటివాళ్లను వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురి చేతులకూ నల్లటి గ్రీజు. టెక్నీషియన్ ముందు చేతులు కడుక్కోమని పంపింది. మూడు చుక్కలూ మునిగాయి. నేను ఆ గ్లాసు దగ్గరే నిలబడి చూశాను. బెంచీ మీది ఆడవాళ్లు లేచి రాలేదు. వాళ్లు కూర్చున్న చోటే తలలు వంచుకున్నారు. వాళ్ల రక్తానికి బదులు అప్పటికే సరిచూసి ఉన్న రక్తం వేరేచోటి నుంచి తెప్పించి, మొదటి సీసా ఎక్కిస్తూనే అక్కను లోపలికి తీసుకుపోయారు. క్లిప్పు పడింది. ఆపరేషన్ అవసరం రాలేదు.

తొమ్మిది రోజులకు ఇంటికి వచ్చాం. ఈస్టర్ మాకు ఆస్పత్రిలోనే జరిగింది. పుండు ముక్క పరీక్షలో క్యాన్సర్ లేదని వచ్చింది. గుండె మటుకు కొంత దెబ్బతింది. బాత్రూముకు వెళ్లి వస్తేనే ఆయాసం. నొప్పి బిళ్లలు ఇంక జన్మలో ముట్టకూడదన్నారు, కాబట్టి మోకాళ్ల నొప్పి ఆమెతోనే ఉంటుంది. ఐరన్ ఇప్పుడు నరం ద్వారా ఎక్కిస్తున్నారు. వారం వారం పరీక్ష. ఏడు పాయింట్ ఎనిమిది, ఎనిమిది పాయింట్ నాలుగు, తొమ్మిది పాయింట్ ఒకటి. ఆ అంకెల కోసం నేను ల్యాబ్ తెరవకముందే వెళ్లి మెట్ల మీద కూర్చుంటున్నాను.

పోయిన వారం ఎనిమిది పాయింట్ ఏడు వచ్చింది. పెరగలేదు, తగ్గింది. మెషీన్‌కూ మెషీన్‌కూ ఆ మాత్రం తేడా ఉంటుందని, ఇంకో వారం చూద్దామని డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది. ఆమె గొంతులో ఏముందో పట్టుకోవడానికి ప్రయత్నించాను. పట్టుకోలేకపోయాను. అక్కను రోజూ నేనే అడుగుతున్నాను, ముఖం చూసే అడుగుతున్నాను. మామూలుగానే ఉందంటుంది. నిజంగానా అంటే విసుక్కుంటుంది. మళ్లీ సిగ్గుపడుతోందేమో, నన్ను కంగారు పెట్టడం ఇష్టం లేక దాస్తోందేమో నాకు తెలియదు. తెలుసుకునే దారి కూడా లేదు.

ఈ ఆదివారం గుడికి వెళ్దామంది. వద్దన్నాను, వినలేదు. చివరి వరసలో ప్లాస్టిక్ కుర్చీ వేయించి కూర్చోబెట్టాను. అందరూ మోకాళ్లూనారు. ఆమె కుర్చీలోనే తల వంచుకుంది. నేనూ పక్కన కుర్చీలోనే ఉండిపోయాను. అయ్యగారు ప్రార్థన చేస్తున్నంతసేపూ ఆమె గోళ్లు చూశాను, పెదవులు చూశాను, రక్తం తగ్గితే గుండె వేగం పెంచుతుంది కాబట్టి మెడ దగ్గర కొట్టుకుంటున్న నాడిని లెక్కపెట్టాను. నిమిషానికి నూట పది దాకా ఉంది. నిన్న తొంభై ఆరే ఉంది.

అక్క కళ్లు మూసుకునే, గొంతు తగ్గించి, "ముందుకు చూడరా, అందరూ చూస్తున్నారు," అంది.

నేను మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాను.